పాత రైలు కట్టను వెతికి పట్టుకుని వీడియో తీయడం ఎలా? (గుంటూరు, పల్నాడు వైపు)

"అన్నా, ఆ పాత లైను ఎక్కడ? లొకేషన్ పంపవా." వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతారు. పంపితే ఏమవుతుందో కూడా చూశాను. తిన్నగా బండేసుకుని వెళ్తారు, సర్కారు తుమ్మ, ఒక మట్టి కట్ట కనిపిస్తాయి, "ఇక్కడ ఏముంది?" అనుకుని తిరిగొస్తారు. ఆ కట్టలో ఏం చూడాలో తెలియకపోతే లొకేషన్ ఉన్నా లాభం లేదు. అందుకే లొకేషన్ బదులు పద్ధతి రాస్తున్నాను. విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ ఒక ఆదివారం ఖాళీ చేసుకోగలిగినవాళ్లకు ఇది పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మన దగ్గర పాడుబడ్డ లైను అంటే పదుల కిలోమీటర్లు ఖాళీగా పడి ఉంటుందనుకోకండి. గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే లైను, గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్లే లైను ఒకప్పుడు మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఒక మీటరే ఉండే ఇరుకు లైన్లు. ఇప్పుడు రెండూ వెడల్పాటి బ్రాడ్ గేజ్. మార్చేటప్పుడు చాలా చోట్ల పాత కట్టనే వెడల్పు చేసి దాని మీదే కొత్త పట్టాలు వేశారు. కాబట్టి మిగిలేవి ముక్కలే. వంపు తగ్గించడానికి లైను పక్కకు జరిపిన చోట వదిలేసిన కాస్త కట్ట, కొత్త వంతెన పక్కన ఒంటరిగా నిలబడ్డ పాత స్తంభాలు, తలుపుల్లేని గేటుమ్యాన్ గది, ఇలాంటివి. మనం వెతికేది వాటినే.

ఏమేం కావాలి

- ఫోన్ చాలు. కెమెరా ఉంటే మంచిదే, లేదని ఆగొద్దు. పవర్ బ్యాంకు తప్పనిసరి.
- మైకుకు బొచ్చు తొడుగు. కట్ట ఎత్తుగా ఉంటుంది కాబట్టి గాలి ఎక్కువ. ఇది లేకపోతే మీ మాటలకు బదులు "బుర్ర్" అని గాలి చప్పుడే వినిపిస్తుంది.
- 5 మీటర్ల స్టీలు టేపు. గుడ్డ టేపు సాగుతుంది, వద్దు.
- చీలమండ దాటే బూట్లు, మందపాటి ప్యాంటు, చేతికర్ర. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు చెప్పుల్లోంచి దిగుతాయి.
- మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- టార్చి, సుద్దముక్క, చిన్న నోటు పుస్తకం. సుద్దముక్క ఎందుకో తర్వాత చెప్తాను.
- తోడు ఒక మనిషి. ఒంటరిగా వెళ్లొద్దు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో గడ్డి నడుం దాకా పెరిగి తూములు కనపడవు. గుంటూరు ఎండల్లో మే నెల పని పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

1. ముందు ఇంట్లో కూర్చుని మ్యాపు చూడండి

నెట్‌లో ఓపెన్‌రైల్వేమ్యాప్ అనే రైలు లైన్ల మ్యాపు తెరవండి. ఎవరైనా గుర్తించిన పాత లైన్లు అందులో వేరే గీతలతో కనిపిస్తాయి. అందులో లేకపోతే లైను లేనట్టు కాదు, ఎవరూ ఎక్కించలేదనే అర్థం. తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుని పాత శాటిలైట్ బొమ్మలకు వెళ్లండి. ఇప్పుడు తుమ్మచెట్లు కప్పేసిన కట్ట పదిహేనేళ్ల కిందటి బొమ్మలో తేటగా కనపడవచ్చు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే అమెరికా సైన్యం 1950ల్లో అచ్చువేసిన భారతదేశ మ్యాపులున్నాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టింది. స్కేలు 1:2,50,000, అంటే మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు, కాబట్టి తూములు, గేట్లు కనపడవు, లైను ఏ ఊళ్ల మీదుగా పోయిందో మాత్రం తెలుస్తుంది. మన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులు అంతకన్నా వివరంగా ఉంటాయి. పాత పేపర్లలో రైలు వార్తలు, ప్రకటనలు వెతకాలనుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం అది. ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకుని వెళ్లండి.

పాత మ్యాపు గీత ఇప్పటి లైను నుంచి ఎక్కడ విడిపోయి మళ్లీ ఎక్కడ కలుస్తుందో చూసి అక్కడ గుర్తు పెట్టుకోండి. అలాంటివి మూడో నాలుగో దొరికితే ఒక రోజుకు సరిపోతుంది.

2. లైను నిజంగా మూతపడిందో లేదో తేల్చుకోండి

పట్టాల మీద తుప్పు చూసి "ఇది పాడుబడింది" అనుకోవడం అందరూ చేసే తప్పు, ప్రమాదకరమైన తప్పు కూడా. ఫ్యాక్టరీ సైడింగ్ (ఫ్యాక్టరీలోకి వెళ్లే పక్క లైను) మీద వారానికి ఒక గూడ్సే రావచ్చు. పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. పట్టా పైభాగం చూడండి. మధ్యలో సన్నగానైనా మెరుపు గీత ఉంటే బండి తిరుగుతోందన్న మాటే. మెరుపు లేకపోయినా పట్టాలు ఉన్నంతవరకు అది నడిచే లైనే అనుకోండి. నా లెక్కలో పట్టాలు పీకేసిన కట్ట మాత్రమే పాత లైను.

రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే 6 నెలల దాకా జైలు గానీ, 1,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పట్టాలు తీసేసినా ఆ భూమి చాలా చోట్ల ఇంకా రైల్వేదే. పక్కన నడిచే లైను ఉంటే దానిపైన కరెంటు తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. తగలక్కర్లేదు, సెల్ఫీ స్టిక్ దగ్గరికి పోయినా చాలు. ఆ వైపు స్టిక్కు పైకెత్తొద్దు.

మూతపడ్డ లైను ఎప్పటికీ మూతపడే ఉంటుందనీ లేదు. కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పీకేశారు. 2004లో మళ్లీ రైలు నడిచింది. అరవై ఏళ్లు ఖాళీగా ఉన్న దారి అది.

3. కాలువ కట్టా, రైలు కట్టా?

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే. కృష్ణా డెల్టా, సాగర్ కుడి కాలువ ఆయకట్టు, ఎటు చూసినా కట్టలే. నా మొదటి ప్రయాణంలో సత్తెనపల్లి అవతల ఒక కట్ట పట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచాను. ఏకధాటిగా మాట్లాడుతూ వీడియో కూడా తీశాను. "ఒకప్పుడు ఈ దారిలో పొగబండి కూత పెట్టేది" అని గొంతు బరువు చేసుకుని మరీ. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి కాసేపు చూసి, "ఏంది బాబూ, మేజరు కాలవ కట్ట మీద రైలు ఎతుకుతున్నావా?" అన్నాడు. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ చూపించలేదు.

అప్పటి నుంచి ఈ గుర్తులు చూడకుండా కెమెరా తీయను.

వంపు: పట్టా మూల తిరగలేదు. రైలు కట్ట వంపు తిరిగితే చాలా దూరం నుంచి నెమ్మదిగా తిరుగుతుంది. పొలం గట్టు దగ్గర చటుక్కున మళ్లితే అది దారో కాలువో అయి ఉంటుంది.

ఎత్తుపల్లాలు: రైలు మిట్టను కోసుకుంటూ పోతుంది, పల్లాన్ని పూడ్చుకుంటూ పోతుంది. ఎర్రమట్టి మిట్ట మధ్యలో కందకంలా కోత, దాని తర్వాత వెంటనే ఎత్తైన కట్ట వస్తే సంతోషించండి.

తూము: ఇదే నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. కాలువ తూముకు షట్టర్ దింపడానికి రెండు పక్కలా గాడి ఉంటుంది. రైలు తూముకు ఆ గాడి అవసరం లేదు, వాననీళ్లు అటు నుంచి ఇటు పోతే చాలు. రాతి కమానో, రాతి గోడల మీద పలకలో ఉంటుంది. పైన పిట్టగోడ మీద తూము నంబరు చెక్కి ఉంటే ఇక అనుమానం లేదు.

కంకర: కర్రతో ఒక జానెడు తవ్వండి. పదునైన అంచులున్న నల్లరాయి ముక్కలు, గుప్పిట్లో రెండు మూడు పట్టేంతవి, వస్తే అది రైలు కంకర. గుండ్రటి రాళ్లైతే కాదు. పాత స్టేషను యార్డు దగ్గరైతే కాలిన బొగ్గు పెళ్లలు కూడా దొరుకుతాయి. నల్లగా, తేలిగ్గా, బుడగలు బుడగలుగా ఉంటాయి. ఆవిరి ఇంజను పొయ్యిలోంచి దులిపేసిన సరుకు అది. నాకు మొదటిసారి దొరికినప్పుడు చేతులు మసి అయిపోయాయి, ముఖం తుడుచుకుని అలాగే టీ కొట్టుకు వెళ్లాను.

గుంటలు: కట్ట పోయడానికి పక్కనే మట్టి తవ్వుతారు. కట్టకు రెండు వైపులా అక్కడక్కడా నలుచదరపు గుంటలు, వాటిలో తుంగ కనిపిస్తాయి. కాలువకైతే కట్టలు జంటగా ఉండి మధ్యలో నీళ్లు పోయే జాగా ఉంటుంది.

వీటిలో కనీసం మూడు కలిస్తేనే ముందుకు వెళ్లండి. ఒక్కటే కనిపిస్తే అది ఇంకా అనుమానం కిందే లెక్క.

4. ఊళ్లోకి వెళ్లి అడగండి, టేపు మాత్రం బయటికి తీయొద్దు

కెమెరా, టేపు పట్టుకుని కొత్త మనిషి పొలంలో దిగితే మన ఊళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "సర్వేనా?" రాజధాని భూములు, కొత్త రోడ్లు, కొత్త లైన్ల కబుర్లు విని విని జనం టెన్షన్ పడతారు. ముందు టీ కొట్టు దగ్గర ఆగండి. ఎందుకొచ్చారో తిన్నగా చెప్పండి. తర్వాత "పెద్దాయనా, మీటర్ గేజ్ బండి ఎటు నుంచి పోయేది?" అని అడగండి. "పాత రైలు కట్ట", "పాత గేటు" అన్నా అర్థమవుతుంది. పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసి రిటైరైన వాళ్లు దాదాపు ప్రతి స్టేషను ఊళ్లోనూ ఉంటారు. కీమ్యాన్‌గా చేసినవాళ్లు దొరికితే మీ అదృష్టం. రోజూ పట్టాల వెంట నడిచిన మనిషికి ఏ తూము ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుసు.

వాళ్ల మాట రికార్డు చేసేముందు అడగండి, ముఖం చూపించవచ్చా లేదా అని కూడా అడగండి. చెప్పిన ఏళ్లను నమ్మొద్దు, చెప్పిన స్థలాలను నమ్మండి. "మా పెళ్లికి మీటర్ గేజ్‌లోనే వచ్చాం" అన్నది నిజమే అయి ఉంటుంది. ఏ ఏడాది అన్నది మాత్రం మనవళ్ల వయసుతో లెక్కేసి చెప్తారు.

ఊళ్లో తిరుగుతూ గేట్లకు, దొడ్లకు పాతిన స్తంభాల వైపు చూడండి. కొన్ని పాత పట్టా ముక్కలై ఉంటాయి. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. తుప్పులో కనపడవు. సుద్దముక్కను అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి. తయారుచేసిన కంపెనీ, గజానికి ఎన్ని పౌండ్ల బరువు, తయారైన ఏడాది తెల్లగా పైకి తేలతాయి. కెమెరాను పక్క నుంచి పెట్టి తీస్తే అద్భుతంగా వస్తుంది. కానీ ఆ ఏడాదిని లైను వేసిన ఏడాదిగా చెప్పేయకండి. పట్టాలు ఒక చోట వాడి మరో చోటికి తరలించేవాళ్లు.

5. అనుమతులు

స్టేషను ఆవరణలోగానీ, నడిచే లైను పక్కనగానీ, ఇంకా రైల్వేదే అయిన పాత కట్ట మీదగానీ తీయాలంటే రైల్వే డివిజన్ ఆఫీసులో పీఆర్వో (ప్రజాసంబంధాల) విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. మన వైపు విజయవాడ, గుంటూరు డివిజన్లు ఉన్నాయి. గుంటూరు డివిజన్ 2003లో వచ్చింది. పాత కట్ట ఎవరి పొలంలోనైనా కలిసిపోయి ఉంటే ఆ రైతును అడగండి. అడవిలోకి వెళ్తే అటవీ శాఖ అనుమతి వేరే.

డ్రోన్ ఎగరేయాలంటే డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో అదే రోజు చూడండి. ఎర్రగా ఉంటే పెట్టె తెరవనే వద్దు. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల మామూలు పొలం మీదైనా ఆంక్షలుంటాయి. ఇంకో సంగతి, పాత వంతెనల ఇనుప గర్డర్ల (దూలాల) కింద, రాతి కమానుల కింద పెద్ద తేనెతుట్టెలు ఉంటాయి. డ్రోన్ చప్పుడుకు లేస్తే మీ పని అంతే. తుట్టె ఉన్న వంతెనను దూరం నుంచి జూమ్‌లో తీసుకోండి.

ఏ వస్తువూ ఇంటికి తేవొద్దు. బోల్టైనా, పట్టాను బిగించే ఇనుప చాబీ అయినా. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది. "తుక్కే కదా" అంటే ఒప్పుకోరు.

6. నడక

ఉదయం 6 గంటలకల్లా కట్ట మీద ఉండండి. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ రికార్డు ఆన్ చేసి జేబులో పెట్టేయండి, రోజు చివర్లో దానితో పని ఉంది. కర్రతో ముందు తడుతూ నడవండి. తూము కన్నాల్లో, రాళ్ల సందుల్లో చేయి పెట్టకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, మూడూ మన ప్రాంతంలో ఉన్నవే. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ వద్దు. కరిచిన కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

పాత వంతెన స్తంభాలు ఎక్కొద్దు. పాత స్టేషను గదుల్లో పైకప్పు చూసి అడుగు పెట్టండి. పెంకులు జారిన చోట దూలం పుచ్చిపోయి ఉంటుంది.

7. తీయడం

కెమెరా పట్టుకుని నడుస్తూ తీసిన వీడియో ఎవరూ చివరిదాకా చూడరు. ప్రతి చోటా ఆగి, కదలకుండా 10 సెకన్లు తీయండి. చాలా ఎక్కువనిపిస్తుంది కానీ ఎడిటింగ్‌లో ఆ పది సెకన్లే కాపాడతాయి. ఒక్కో ముక్కకు నాలుగు షాట్లు చాలు: దూరం నుంచి కట్ట మొత్తం, కట్ట మీద కూర్చుని పట్టా ఎత్తు నుంచి తిన్నగా ముందుకు, తూము కింది నుంచి పైకి, చేతికి అందేంత దగ్గర నుంచి రాయి లేదా ఇనుము.

స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. లేదంటే తూములోంచి బయటికి చూసేటప్పుడు బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. గుంటూరు–మాచర్ల లైను మొత్తం మీద పడమటి వైపు పోతుంది కాబట్టి పొద్దున మాచర్ల వైపు తిరిగి తీస్తే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. సాయంత్రం అయితే గుంటూరు వైపు తిరగండి.

కొలత చూపించడం మరవకండి. మీటర్ గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1,676. పట్టాలు లేవు కదా అంటారా? పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపరు ఎక్కడైనా మిగిలి ఉంటే దాని పొడవు కొలవండి. 6 అడుగుల దగ్గర ఉంటే మీటర్ గేజ్‌ది, 9 అడుగుల దగ్గర ఉంటే బ్రాడ్ గేజ్‌ది. స్లీపరూ లేకపోతే కట్ట పైభాగం మీద ఒక మనిషిని అడ్డంగా నడిపించండి, చూసేవాళ్లకు వెడల్పు తెలుస్తుంది. ఒకసారి ఫిబ్రవరిలో నరసరావుపేట అవతల ఈ పని మిరపకాయలు చేసిపెట్టాయి. రైతు పాత కట్ట మీద కాయలు ఆరబోశాడు. చుట్టూ నల్లరేగడి, మధ్యలో కట్ట వెడల్పు ఎంతో అంతే ఎరుపు, వంపు తిరిగిన చోట అదీ వంపు తిరిగింది. ఘాటుకు తుమ్ముతూనే తీశాను. ఆడియో పనికిరాలేదు.

వెళ్లే ముందు ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆ చోటి శబ్దం రికార్డు చేయండి. పిట్టలు, దూరంగా ట్రాక్టరు, ఏదైనా సరే. ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా చేసేది అదే.

8. ఇంటికొచ్చాక సరిచూసుకోండి

జీపీఎస్ ట్రాక్‌ను గూగుల్ ఎర్త్‌లో వేసి మూడు చూడండి. ఒకటి, మీరు నడిచిన గీత రెండు చివర్లనూ పొడిగిస్తే ఇప్పటి లైనులో సాఫీగా కలుస్తోందా? అడ్డంగా గుద్దుకుంటే తప్పు కట్ట పట్టుకున్నారు. రెండు, ఎత్తు గ్రాఫు చూడండి. మైదానంలో రైలు దారి 100 మీటర్లకు ఒక మీటరు లేవడమే ఎక్కువ. 100 మీటర్లకు ఐదారు మీటర్లు లేస్తే అది ఎడ్లబండి దారి. ఈ గ్రాఫులో కొన్ని మీటర్ల తేడా మామూలే, కాబట్టి కనీసం అర కిలోమీటరు పొడవు మీద చూడండి. మూడు, పాత మ్యాపు గీత పక్కన పెట్టి చూడండి. 1:2,50,000 మ్యాపులో గీత రెండు మూడు వందల మీటర్లు అటూ ఇటూ ఉన్నా గాభరా పడొద్దు, వంపు ఆకారం కలిస్తే చాలు.

మూడూ కలవకపోతే వీడియోలో "ఇది పాత లైను" అని చెప్పకండి. "అయి ఉండవచ్చు" అని చెప్పండి. తెలిసిన గ్యాంగ్‌మ్యాన్ మనవడు ఎవరో చూసి సరిచేస్తాడు, నాకు రెండుసార్లు అలాగే జరిగింది.

మొదటిసారి ఎక్కడికి?

నడక, వెతుకులాట ఏమీ వద్దు, ముందు కెమెరా అలవాటు కావాలంటే రాజమండ్రి వెళ్లండి. గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసింది. గట్టు మీద నుంచే కావలసినన్ని షాట్లు వస్తాయి. పొద్దున విజయవాడలో రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

రెండో ప్రయాణానికి దొనకొండ. మీటర్ గేజ్ రోజుల్లో అక్కడ ఇంజన్లు నిలిపే లోకో షెడ్డు ఉండేది. గుంటూరు–నంద్యాల లైనులోనే ఉంది కాబట్టి రైల్లోనే వెళ్లొచ్చు, బొగ్గు పెళ్లల కోసం నేలను జాగ్రత్తగా చూస్తూ తిరగండి.

ఇక అందరూ అడిగేది నల్లమలలోని దొరబావి వంతెన, బొగద సొరంగం. బ్రాడ్ గేజ్ వేసేటప్పుడు లైను దారి మార్చి వాటిని వదిలేశారు. అది పులుల అభయారణ్యం. గేజ్ కొలతలూ ట్రాక్ సరిచూడటమూ రెండు మూడు చోట్ల చేసి చూశాక, అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉంటేనే వెళ్లండి. నేను దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాను.